అమెరికా చిన్న ఊళ్లలో ఎవరెంతమంది? సెన్సస్ రేస్ లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫర్ లెటర్ చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని ఆ ఊరి పేరు నెట్‌లో కొట్టి చూడటం. ఊరు చిన్నదైతే ఆత్రం ఇంకా ఎక్కువ. "వైట్ ఇంత శాతం, ఏషియన్ ఇంత శాతం" అని ఒక పట్టిక కనిపిస్తుంది. దాన్ని చూసి అక్కడ మనం ఇమడగలమా లేదా అని తేల్చేసుకుంటాం. కానీ పట్టికలో ఉన్నది ఊళ్లోవాళ్లు ఒక ఫారం మీద పెట్టిన టిక్కులు మాత్రమే. ఫారంలో ఏం అడిగారు, ఏ గడులు ఇచ్చారు, ఆ ఊళ్లో ఏ సంస్థ ఉంది అన్నవి తెలియకుండా ఆ శాతాలు చదివితే తప్పుదారి పట్టడం ఖాయం.

ఈ శాతాలు ఎక్కడి నుంచి వస్తాయి?

రెండు చోట్ల నుంచి. ఒకటి పదేళ్లకోసారి, ఏప్రిల్ 1ని లెక్క తేదీగా పెట్టుకుని చేసే జనగణన. ఇందులో అందరినీ అడుగుతారు, ప్రశ్నలు మాత్రం కొన్నే. రెండోది అమెరికన్ కమ్యూనిటీ సర్వే. ఏసీఎస్ అంటారు. ఇది ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. పుట్టిన దేశం, ఇంట్లో మాట్లాడే భాష, పూర్వీకుల మూలం, ఆదాయం, చదువు లాంటివన్నీ అడుగుతుంది. 65 వేల జనాభా దాటిన చోట్లకి ఏటా విడిగా అంకెలు ఇస్తారు. అంతకంటే చిన్న ఊళ్లకి ఐదేళ్ల జవాబులు కలిపి ఒక అంచనా ఇస్తారు.

సెన్సస్ బ్యూరో క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీలో మీ ఊరు దొరకలేదని కంగారు పడకండి. అందులో 5 వేలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లే ఉంటాయి. సొంత మున్సిపాలిటీ ఉన్న సుమారు 19,500 ఊళ్లలో నాలుగింట మూడొంతులు ఆ గీత కిందే ఉన్నాయి. వాటికోసం డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్‌కి వెళ్లి 2020 జనగణన పట్టికలు పి1, పి2 తీయాలి. ఏసీఎస్ కావాలంటే బి03002.

హిస్పానిక్ వాళ్లు మిగతా రేసుల వరసలో లేరేమిటి?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2020 ఫారంలో రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. మొదటిది: మీరు హిస్పానిక్, లాటినో లేదా స్పానిష్ మూలాలవారా? రెండోది: మీ రేస్ ఏమిటి? మొదటిదాన్నే ప్రభుత్వం ఎత్నిసిటీ అంటుంది. మెక్సికో నుంచి వచ్చిన మనిషి మొదటి దానికి అవునని చెప్పి, మళ్లీ రెండోదాంట్లో కూడా ఏదో ఒక గడి ఎంచుకోవాలి. కొందరు వైట్ అని పెడతారు, కొందరు "సమ్ అదర్ రేస్" దగ్గర మెక్సికన్ అని రాస్తారు, కొందరు రెండూ పెడతారు.

1800 మంది ఉన్న ఊరొకటి ఊహించుకుందాం. పి1 పట్టికలో వైట్ 1350, బ్లాక్ 90, అమెరికన్ ఇండియన్ 18, ఏషియన్ 54, సమ్ అదర్ రేస్ 108, టూ ఆర్ మోర్ రేసెస్ 180. కూడితే సరిగ్గా 1800. పి2 పట్టికలో "హిస్పానిక్ 270" అని విడిగా ఉంటుంది. ఈ 270 మంది కొత్తగా వచ్చినవాళ్లు కాదు, పై 1800లోనే ఉన్నారు. అందులో 60 మంది వైట్‌లో, 100 మంది సమ్ అదర్ రేస్‌లో, 110 మంది టూ ఆర్ మోర్‌లో ఉన్నారనుకోండి. అప్పుడు హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు 1290. ఇప్పుడు ఆ ఊళ్లో తెల్లవాళ్లు 75 శాతమా, 72 శాతమా? రెండూ ఒప్పే, వేరువేరు పట్టికలు. పత్రికల్లో ఎక్కువగా వాడేది రెండోది, అంటే పి2లోది. నన్నడిగితే చిన్న ఊరికి ముందు పి2నే చూడమంటాను. హిస్పానిక్ వాళ్లని ఒక వరసగా చూపించి మిగతావాళ్లని రేస్ వారీగా విడగొడుతుంది కాబట్టి గందరగోళం తక్కువ.

కొన్ని పట్టికల్లో మొత్తం 100 శాతం దాటుతోంది. తప్పా?

తప్పు కాదు. "అలోన్" అని ఉంటే ఆ ఒక్క రేసే పెట్టినవాళ్లు. "అలోన్ ఆర్ ఇన్ కాంబినేషన్" అని ఉంటే దాంతోపాటు ఇంకో రేస్ కూడా పెట్టినవాళ్లు కలుస్తారు. నాన్న తెలుగు, అమ్మ శ్వేతజాతీయురాలు అయిన పాప ఏషియన్ వరసలోనూ, వైట్ వరసలోనూ రెండుసార్లు వస్తుంది. ఒకటికి మించి టిక్కు పెట్టడానికి వీలు కల్పించింది 2000 జనగణనలోనే. అంతకు ముందు అలాంటి పిల్లలకి ఏదో ఒక్కటే దిక్కు.

ఇండియన్లం ఏ గడిలోకి వస్తాం? ఎప్పుడూ అదేనా?

ఇప్పుడు ఏషియన్ కింద "ఏషియన్ ఇండియన్" అని మనకి సొంత గడి ఉంది. ఇది 1980లో వచ్చింది. దానికి ముందు 1970లో మనవాళ్లని వైట్ కింద లెక్కేశారు. ఇంకా వెనక్కి వెళ్తే 1920, 1930, 1940 జనగణనల్లో "హిందూ" అన్నదే ఒక రేస్. అప్పట్లో అక్కడున్న భారతీయుల్లో ఎక్కువమంది పంజాబ్ నుంచి వచ్చిన సిక్కులు. వాళ్లకీ అదే ముద్ర.

ఇది కేవలం లెక్కల గొడవ కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆయనకి కూడా పౌరసత్వం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. సామాన్యుల దృష్టిలో ఆయన "వైట్" కాదన్నది కోర్టు కారణం. భారతీయులకి ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో. అంటే వందేళ్ల లోపే మనం ఒక్క చోటా కదలకుండా హిందూ రేస్ నుంచి వైట్‌కి, అక్కడి నుంచి ఏషియన్‌కి మారిపోయాం. గడులు ప్రకృతి గీసినవి కావనడానికి మన కథ ఒక్కటి చాలు.

"అమెరికన్ ఇండియన్" గడిలో టిక్కు పెట్టాలా? అమెరికాలో ఉన్న ఇండియన్లమేగా!

వద్దు. అది ఇక్కడి మూలవాసులది. దాని కింద తెగ పేరు రాయమని అడుగుతుంది. చిన్న ఊళ్లో ఇలాంటి పొరపాటు నాలుగు కుటుంబాలు చేసినా శాతం అటూఇటూ అవుతుంది.

మా ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమందో తెలుసుకోవచ్చా?

సూటిగా తెలియదు. రేస్ ప్రశ్న ఏషియన్ ఇండియన్ దగ్గర ఆగిపోతుంది. 2020లో ఆ ఒక్క గడే పెట్టినవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 44 లక్షలు. ఒక్క మూలమే చెప్పిన ఏషియన్లలో అదే పెద్ద గుంపు. భాష సంగతి ఏసీఎస్ అడుగుతుంది. రాష్ట్రాలు, పెద్ద మెట్రోల పట్టికల్లో తెలుగు పేరు పెట్టి చూపిస్తారు. చిన్న ఊరికి వచ్చేసరికి మనిషిని గుర్తుపట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి భాషలన్నీ గుంపులుగా కలిపేస్తారు. హిందీ "ఇతర ఇండో-యూరోపియన్"లోకి పోతుంది, తెలుగు "ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషల్లో" కలుస్తుంది. కాబట్టి ఆ వరసలో కొంతమంది కనిపించారని సంబరపడకండి, వాళ్లు థాయ్ మాట్లాడేవాళ్లు కూడా కావచ్చు. అంతకంటే దగ్గర్లోని గుడి వాట్సాప్ గ్రూప్ నయం.

2010కీ 2020కీ మా ఊళ్లో తెల్లవాళ్లు బాగా తగ్గారు, "టూ ఆర్ మోర్" మూడింతలైంది. ఊరు నిజంగా అంత మారిందా?

కొంత మారింది, కొంత లెక్క మారింది. దేశం మొత్తం మీద రెండు లేదా అంతకంటే ఎక్కువ రేసులు చెప్పినవాళ్లు 2010లో 90 లక్షలు, 2020లో 3 కోట్ల 38 లక్షలు. పదేళ్లలో పెళ్లిళ్ల వల్లో, వలసల వల్లో అంత పెరుగుదల రాదు. 2020లో వైట్, బ్లాక్ గడుల పక్కన కూడా మూలం రాయమని ఖాళీ ఇచ్చారు. పైగా 2010లో రాతలోని మొదటి 30 అక్షరాలు, రెండు కోడ్‌ల (రాతని బట్టి బ్యూరో వేసే వర్గం గుర్తులు) వరకే తీసుకునేవారు. 2020లో 200 అక్షరాలు, ఆరు కోడ్‌ల దాకా తీసుకున్నారు.

దీని ప్రభావం ఎలా ఉంటుందో చూడండి. ఒకాయన వైట్ అని టిక్కు పెట్టి పక్కన ఒక లాటిన్ అమెరికా దేశం పేరు రాశారు. ఆ రాతకి "సమ్ అదర్ రేస్" కోడ్ పడితే ఆయన వైట్ అలోన్ నుంచి జారి టూ ఆర్ మోర్‌లోకి వెళ్లిపోతారు. మనిషి అదే, ఇల్లు అదే. అందుకే 2010తో పోల్చేటప్పుడు "వైట్ అలోన్" పక్కనే "అలోన్ ఆర్ ఇన్ కాంబినేషన్" కూడా పెట్టుకుని చూడాలి. దేశవ్యాప్తంగా వైట్ అలోన్ 20 కోట్ల 43 లక్షలైతే, మరో రేస్‌తో కలిపి చెప్పినవాళ్లని చేరిస్తే 23 కోట్ల 54 లక్షలు.

ఊళ్లో నల్లజాతీయులు చాలామంది ఉన్నట్టు పట్టికలో ఉంది, వీధిలో ఒక్కరూ కనబడరు. ఎలా?

ఊరి పొలిమేరలో జైలు ఉందేమో చూడండి. జనగణన మనిషిని ఎక్కువగా ఉంటూ నిద్రపోయే చోట లెక్కిస్తుంది. ఖైదీకి ఆ చోటు జైలే. ఎక్కడో మహానగరంలో అరెస్టయిన మనిషి, వందల మైళ్ల దూరంలో తను ఒక్కసారి కూడా నడవని ఊరి జనాభాలో కలుస్తాడు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ అయోవా రాష్ట్రంలోని అనమోసా. ఆ ఊరిని సమాన జనాభా వార్డులుగా కోసినప్పుడు ఒక వార్డులో సుమారు 1400 మంది తేలారు. అందులో దాదాపు 1300 మంది రాష్ట్ర జైల్లోని ఖైదీలు, వాళ్లకి ఓటు లేదు. 2005లో ఆ వార్డు నుంచి ఒకాయన రెండే రెండు ఓట్లతో సిటీ కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు. ఆయన కనీసం పోటీలో కూడా లేడు, బ్యాలెట్ మీద ఎవరో పేరు రాసి వేశారు. తర్వాత ఊరివాళ్లు ఆ వార్డుల పద్ధతినే మార్చుకున్నారు. న్యూయార్క్, మేరీలాండ్ లాంటి రాష్ట్రాలు నియోజకవర్గాలు గీసేటప్పుడు ఖైదీలని సొంత చిరునామాకి మార్చి లెక్కిస్తున్నాయి గానీ, సెన్సస్ పట్టికలో మాత్రం వాళ్లు జైలున్న ఊళ్లోనే ఉంటారు.

కనుక్కోవడం తేలిక. 2020 జనగణనలో పి5 పట్టిక తీస్తే జైళ్లు, నర్సింగ్ హోమ్‌లు, కాలేజీ డార్మ్‌లు, సైనిక బ్యారక్‌లలో ఎంతమంది ఉన్నారో విడివిడిగా ఉంటుంది. రేస్ పట్టిక చూసిన ప్రతిసారీ దీన్నీ చూడటం అలవాటు చేసుకోండి. కాలేజీ ఊళ్లలో ఏషియన్ల శాతం ఉన్నట్టుండి ఎక్కువ కనబడితే అందులో విద్యార్థుల వాటా పెద్దదై ఉండవచ్చు. సెలవులకి ఊరు ఖాళీ అయిపోతుంది.

ఒక్క ఫ్యాక్టరీ ఊరి ముఖచిత్రాన్ని మార్చేయగలదా?

మార్చేస్తుంది. రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న పోస్ట్‌విల్‌ని చూడండి, ఇదీ అయోవాలోనే. 1987లో అక్కడ యూదుల ఆచారం ప్రకారం మాంసం తయారుచేసే కబేళా మొదలైంది. న్యూయార్క్ వైపు నుంచి హసిడిక్ యూదులు (ఆచారాలు కఠినంగా పాటించే ఒక శాఖ) వచ్చారు, పనికి మెక్సికో, గ్వాటెమాలాల నుంచి కూలీలు వచ్చారు. జర్మన్, నార్వేజియన్ మూలాల రైతుల ఊరు పదిహేను, ఇరవై ఏళ్లలో పోల్చుకోలేనట్టు అయిపోయింది. 2008 మే 12న ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి 389 మందిని అరెస్టు చేశారు. అంత చిన్న ఊళ్లో ఒక్క రోజులో. ఆ ఖాళీల్లోకి సోమాలీలని, పసిఫిక్‌లోని పలావు దీవులవాళ్లని కూడా తెచ్చారు.

ఈ దాడి, ఆ తర్వాత మనుషులు మారడం 2000కీ 2010కీ మధ్య జరిగాయి. రెండు జనగణనలు పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం జనాభా దాదాపు అంతే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో ఎవరు వచ్చారు, ఎవరిని తీసుకుపోయారు అన్నది ఆ రెండు ఫొటోల్లో పడదు. ఇలాంటి ఊళ్లకి మధ్య సంవత్సరాల్లో స్కూలు లెక్కలే మేలు. ప్రతి పబ్లిక్ స్కూలుకీ రేస్ వారీగా పిల్లల సంఖ్యని ప్రభుత్వం ఏటా ప్రచురిస్తుంది.

"వైట్ 99 శాతం" అంటే అందరూ ఒకే రకం మనుషులనేనా?

న్యూయార్క్ రాష్ట్రంలో కిర్యాస్ జోయల్ అని ఒక ఊరుంది. 2020లో దాదాపు 33 వేల జనం. దాదాపు అందరూ వైట్ గడిలోనే. వెళ్లి చూస్తే హసిడిక్ యూదుల్లో సత్మార్ అనే వర్గం వాళ్ల ఊరు, ఇళ్లలో మాట్లాడేది యిద్దిష్.

మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్ సంగతి ఇంకా చిత్రం. 28 వేల జనాభా, మరీ చిన్న ఊరేం కాదు గానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు పోలిష్ వాళ్ల అడ్డా. ఇప్పుడు యెమెన్, బంగ్లాదేశ్ కుటుంబాలు ఎక్కువ. 2021లో కౌన్సిల్ మొత్తం ముస్లింలే ఎన్నికయ్యారు. ఇప్పుడు పట్టిక తీయండి. బంగ్లాదేశ్ ఆయన ఏషియన్. ఆయన పక్కింటి యెమెన్ ఆయన వైట్, ఎందుకంటే 2020 వరకు ఉన్న నిబంధనల్లో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లు వైట్ కిందకే వస్తారు. ఎదురింట్లో పోలిష్ పెద్దాయన కూడా వైటే. ఈ తేడాలు తెలియాలంటే ఏసీఎస్‌లో పూర్వీకుల మూలాల పట్టిక బి04006 చూడాలి.

మతం లెక్కలు ఎందుకు లేవు?

మతం చెప్పమని సెన్సస్ ఎవరినీ బలవంతపెట్టకూడదని 1976 చట్టం. అందుకే అడగరు.

మా ఊరికి జనగణనలో ఏషియన్లు ఒక సంఖ్య, ఏసీఎస్‌లో ఇంకో సంఖ్య. ఏది నమ్మాలి?

తలలు లెక్కపెట్టడానికి జనగణన. ఏసీఎస్ శాంపిల్ కాబట్టి ప్రతి అంకె పక్కనా ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఉంటుంది. చాలా వెబ్‌సైట్లు దాన్ని మింగేస్తాయి. "ఏషియన్లు 40, ప్లస్ ఆర్ మైనస్ 45" అని ఉంటే, ఒక్కరూ లేకపోవచ్చు, ఎనభై మందీ ఉండొచ్చు. అలాంటి అంకె పట్టుకుని ఊరు పెరుగుతోందా తరుగుతోందా అని టెన్షన్ పడటం అనవసరం. రెండు ఏసీఎస్‌లు పోల్చాలంటే ఒకదానిమీద ఒకటి పడని ఐదేళ్ల ముక్కలు తీసుకోండి. 2013-17ని 2018-22తో పోల్చవచ్చు. అదే 2018-22ని 2017-21తో పోలిస్తే నాలుగేళ్ల జవాబులు రెండింట్లోనూ అవే ఉంటాయి.

పోనీ, జనగణన అంకె అయినా కచ్చితమేనా?

2020 నుంచి అదీ కావాలనే కొంచెం కదిపిన అంకె. కంప్యూటర్లతో పట్టికలన్నీ జతచేసి ఫలానా ఇంట్లోవాళ్లు వీళ్లే అని తేల్చగలిగే రోజులొచ్చాయని, బ్యూరో అంకెల్లో చిన్న చిన్న హెచ్చుతగ్గులు కలుపుతోంది. రాష్ట్ర మొత్తం జనాభాని ముట్టుకోలేదు. ఊరి మొత్తంలో, ఊళ్లోని రేస్ వరసల్లో మాత్రం కొంత ఉంటుంది. ఊరు ఎంత చిన్నదైతే అంత తెలుస్తుంది. ఒక్క బ్లాక్ (రేస్ కాదు, వీధుల మధ్య ఉండే అతి చిన్న లెక్క ప్రాంతం) స్థాయికి దిగితే పెద్దవాళ్లు లేకుండా పిల్లలే ఉన్న వీధులు కూడా కనబడతాయి.

దీనికి తోడు అసలు లెక్కలోనే లోటుపాట్లున్నాయి. బ్యూరో తర్వాత చేసిన పరిశీలనలో 2020లో హిస్పానిక్‌లు 4.99 శాతం, నల్లజాతీయులు 3.30 శాతం, రిజర్వేషన్లు అనే తెగల సొంత ప్రాంతాల్లో ఉండే మూలవాసులు 5.64 శాతం తక్కువగా లెక్కకి వచ్చారని తేలింది. ఏషియన్లు 2.62 శాతం ఎక్కువగా పడ్డారు.

ఊరి పేరు ఒకటే, పట్టికలు రెండు దొరికాయి. మాది ఏది?

హద్దుల గొడవ ఇది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకే పేరుతో ఒక టౌన్, దాని లోపల ఒక విలేజ్ ఉండటం మామూలు. కొన్ని చోట్ల సొంత పాలన లేకపోయినా జనం గుంపుగా ఉన్నారని సెన్సస్ బ్యూరోనే లెక్కల కోసం ఒక గీత గీస్తుంది. పోస్టల్ అడ్రస్‌లో ఊరి పేరుందని ఆ ఊరి హద్దులోనే ఉన్నామనుకోకండి, జిప్ కోడ్ హద్దు వేరు. చిరునామా కొట్టి సెన్సస్ మ్యాప్‌లో చూసుకోవడమే దారి.

హెచ్-1బి మీద ఉన్నాం, లెక్కలోకి వస్తామా? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు?

మీరు వస్తారు. వీసాతో, పౌరసత్వంతో పని లేదు, అమెరికాలో ఎక్కువగా ఎక్కడుంటే అక్కడ. 2020లో పౌరసత్వ ప్రశ్న పెట్టాలని చూశారు గానీ 2019లో సుప్రీంకోర్టు దగ్గర ఆగిపోయింది. స్టూడెంట్లు కాలేజీ ఊళ్లో వస్తారు. విజిటింగ్ మీద వచ్చిన అమ్మానాన్నలు రారు, ఆరు నెలలు మీ ఇంట్లోనే ఉన్నా సరే. ఏప్రిల్ 1న పుట్టిన బిడ్డ వస్తుంది, 2న పుడితే మళ్లీ పదేళ్లకే.

నింపిన ఫారం ఇమ్మిగ్రేషన్ వాళ్లకి వెళ్తుందా?

చట్టం ప్రకారం వెళ్లకూడదు. ఒక మనిషి జవాబులు బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. వ్యక్తుల వివరాలు 72 ఏళ్లదాకా మూసి ఉంచుతారు. 1950 ఫారాలు 2022 ఏప్రిల్ 1న తెరిచారు. అయితే రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లని నిర్బంధ శిబిరాలకి తరలించినప్పుడు, వాళ్లు ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారన్న సెన్సస్ అంకెలు వాడుకున్నారన్నది చరిత్ర. పేరు లేకపోయినా చిన్న చోటి అంకెకి అంత బలం ఉంది. ఇప్పుడు అంకెలు కదపడం వెనక ఇలాంటి భయం కూడా ఉంది.

ఇల్లు చూపించే ఏజెంట్‌ని "ఇక్కడ ఎవరు ఎక్కువ" అని అడిగితే మాట మార్చేస్తున్నాడు. ఎందుకు?

1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం భయం. కొనేవాళ్లని రేస్‌ని బట్టి ఒక పేటవైపు నెట్టడం, ఇంకో పేట నుంచి తప్పించడం చట్టవిరుద్ధం. జవాబు చెబితే లైసెన్స్‌కే ముప్పు, కాబట్టి మర్యాదగా తప్పించుకుంటారు. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి, పట్టికలు అందరికీ ఉచితంగానే ఉన్నాయి.

2030లో ఈ గడులు మారతాయా?

2024 మార్చిలో ప్రభుత్వం నియమాలు మార్చింది. రెండు ప్రశ్నలు పోయి ఒకటే ప్రశ్న, అందులో హిస్పానిక్ మిగతావాటితో సమానంగా ఒక గడి. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకి కొత్తగా సొంత గడి. మొత్తం ఏడు, ఎన్నైనా ఎంచుకోవచ్చు. జనగణన అంశాలు మూడేళ్ల ముందు, ప్రశ్నల పాఠం రెండేళ్ల ముందు కాంగ్రెస్‌కి ఇవ్వాలన్నది చట్టం, అంటే తుది ఫారం 2028 ఏప్రిల్ 1 లోపు బయటికి రావాలి.

ఆ నియమాలు అలాగే నిలిస్తే హామ్‌ట్రామిక్ లాంటి ఊళ్లలో వైట్ వరస ఒక్కసారిగా సన్నబడుతుంది, ఒక్క మనిషి ఇల్లు మారకపోయినా. హిస్పానిక్‌లలో చాలామంది ఆ ఒక్క గడితో సరిపెట్టుకుంటారు కాబట్టి, 2020లో ఉబ్బిన టూ ఆర్ మోర్, సమ్ అదర్ రేస్ వరసలు మళ్లీ తగ్గవచ్చు. అప్పుడు వచ్చే "పదేళ్లలో ఊరు మారిపోయింది" వార్తలు చదివేటప్పుడు రెండు ఫారాలూ పక్కన పెట్టుకోండి. మనకి మాత్రం పెద్ద మార్పేమీ లేదు, ఏషియన్ కింద ఏషియన్ ఇండియన్.